ఏడు పేడ పుల్లలు

పంతులు బడి వదిలిపెట్టగానే శారద ఇంటికొచ్చి, పలక సంచిని అరుగు మీద విసిరేసింది. దూలానికి వేలాడుతున్న పూలబుట్టను అందుకుని మళ్లీ పరుగు తీసింది.

"అన్నం తిని పోవే!" అని అవ్వ లోపలి నుంచి అరిచింది.

"వచ్చి తింట!" అంది శారద. అప్పటికే సందు మలుపు తిరిగిపోయింది.

ఇది నైజాం కాలం నాటి మాట. చేవెళ్లలో అప్పటికి కరెంటు దీపాలు లేవు. పట్నం పోవాలంటే మొయినాబాదు మీదుగా బండి కట్టుకుని పోవాలి, లేదంటే బస్సు కోసం బాట పక్కన దుమ్ములో నిలబడాలి.

శారదకు పదేళ్లు. వాళ్ల బాపు వీరేశానికి బజారులో కిరాణా దుకాణం ఉంది. శారద కళ్లు మూసుకుని, వాసన చూసి ఏది జీలకర్రో ఏది సోంపో చెప్పేస్తుంది. కందిపప్పులో పెసరపప్పు కలిస్తే గుప్పెట్లోకి తీసుకోగానే పట్టేస్తుంది. దుకాణానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకుని మెచ్చుకుని, తనకు తెలియనిది ఈ లోకంలోనే లేదని ఆ పిల్లకు గట్టి నమ్మకం కలిగించారు. పెద్దవాళ్లు చేసే తప్పుల్లో ఇదొకటి.

ఊరి చివర, వాళ్లు మొదట కాపురమున్న పెంకుటిల్లు ఇంకోటి ఉంది. రెండు గదులు, వెనక పెద్ద దొడ్డి. మూడు నెలల నుంచి ఆ ఇంట్లో దయానందం కిరాయికి ఉంటున్నాడు. ఆయన దవాఖానలో కాంపౌండరు. మొయినాబాదు నుంచి బదిలీ అయి, ముసలి తల్లి బీరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లు క్రైస్తవులు. ఇల్లు కావాలని ఊళ్లో నలుగురిని అడిగారు. నలుగురూ నాలుగు వంకలు చెప్పారు. చివరికి వీరేశం ఇచ్చాడు.

అప్పుడు అవ్వ ఒకే ఒక్క షరతు పెట్టింది. అవ్వ అంటే శారదకు నానమ్మ, వీరేశం తల్లి సుమిత్రమ్మ.

"దొడ్డిల మల్లె నాది. మా పిల్ల రోజూ వచ్చి మొగ్గలు తెంపుకుంటది" అంది.

వాళ్లు సరేనన్నారు. ఆ రోజు నుంచి అవ్వ మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. ఎందుకని శారద అడిగితే, "మోకాళ్ల నొప్పులే" అంది. అవే మోకాళ్లతో రోజూ గుడికి పోయి, మూడుసార్లు ప్రదక్షిణ చేసి వస్తుంది!

సరే, శారద దగ్గరికి వద్దాం. ఆ పిల్ల దొడ్డి తలుపును ఒక్క తోపు తోసి లోపలికి పోయింది. తట్టడం, పిలవడం తనకు అలవాటు లేదు. మన ఇంటి తలుపు మనమే తట్టుకుంటామా?

లోపల అడుగు పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

మల్లె లేదు.

పందిరి లేదు. పాదు లేదు. మల్లె ఉన్నచోట పెద్ద గుంత ఉంది. గుంత పక్కన బూడిద కుప్ప ఉంది. దొడ్డి సగం తవ్వి మళ్లు కట్టారు. ఇంకో పక్క గోడ పొడవునా, మెత్తటి తడిమట్టిలో పుల్లలు పాతి ఉన్నాయి. ఆకు లేదు, పువ్వు లేదు. జానెడు జానెడు బోడి పుల్లలు. ఒక్కో పుల్ల నెత్తిన ఒక్కో పేడ ముద్ద.

శారద లెక్కపెట్టింది. ఏడు.

"బీరమ్మా! ఓ బీరమ్మా!" అని పిలిచింది. పలుకు లేదు. ఇంట్లో ఎవరూ లేరు.

ఆ పుల్లలు ఏమిటో శారదకు ఇట్టే అర్థమైపోయింది. తనకు తెలియనిది లేదు కదా! పోయినేడు బాపు గోదాం కట్టించినప్పుడు, గోడ ఎక్కడ రావాలో గుర్తు కోసం మేస్త్రి ఇట్లాగే వరసగా పుల్లలు పాతాడు. మేస్త్రి పుల్లలకు సున్నం పూశాడు. వీళ్లు పేడ పెట్టారు. అంతే తేడా.

"అమ్మో! మల్లెను పీకేసి ఇక్కడ పాక కడుతున్రు!"

శారదకు ఒళ్లు మండిపోయింది. బుట్ట కింద పడేసింది. మొదటి పుల్లను పట్టి ఒక్క గుంజు గుంజింది. అది సులువుగా వచ్చేసింది. రెండోది, మూడోది... ఏడూ పీకి, గోడ మీదుగా సందులోకి విసిరేసింది. చేతికి అంటిన పేడను గోడకు రాసి, బుట్ట తీసుకుని ఇంటికి ఉరికింది.

అవ్వ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"అవ్వా! అవ్వా! వాళ్లు మన మల్లెను పీకేసిన్రు! కాల్చి బూడిద చేసిన్రు! ఆడ పాక కడుతున్రు! గోడ కోసం పుల్లలు గూడ పాతిన్రు!"

చేట ఆగిపోయింది.

"ఏందే నువ్వనేది? సక్కగ చూసినవా?"

"నా కండ్లార చూసిన అవ్వా!"

పుల్లలు పీకిన సంగతి మాత్రం శారద చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అనుకుంది.

అవ్వ అరుస్తుందని, తిడుతుందని శారద అనుకుంది. అవ్వ అరవలేదు. చేటను పక్కన పెట్టి గోడకు ఆనుకుంది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. అవ్వ ఏడవడం శారద అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆ పిల్లకు భయమేసింది.

"ఆ మల్లె మా అమ్మ పెట్టిచ్చిందే" అంది అవ్వ కాసేపటికి. "నా పెండ్లయి ముడిమ్యాల నుంచి బండి ఎక్కేటప్పుడు, తడిగుడ్డల చుట్టి ఒళ్లో పెట్టింది. 'దీన్ని బతికియ్యి బిడ్డా, నన్ను చూసినట్టే ఉంటది' అన్నది. ఇప్పుడు ఆడ మా అమ్మ లేదు, ఆ ఇల్లు లేదు, ఇంటి ముంగట మల్లె లేదు. ఈ ఒక్కటే ఉండె."

సాయంత్రం వీరేశం దుకాణం నుంచి రాగానే అవ్వ అంది:

"వాళ్లను రేపే ఇల్లు ఖాళీ చెయ్యమను. ఉండనిస్తే మన కొంపకే ఎసరు పెడుతున్రు. ఇయ్యాల పాక లేపుతరు, రేపు ఇల్లే మాదంటరు."

"ఆగు అమ్మా" అన్నాడు వీరేశం. "దయానందం గసోంటి మనిషి గాదు. పోయి చూద్దాం. ఒకమాట అడుగుదాం. పొమ్మనుడు ఎంతసేపు?"

"అడిగేదేమున్నది? పిల్ల చూసిందాయె!"

"పిల్ల చూసింది. మనం చూడలే గదా. నడువు."

ముగ్గురూ బయలుదేరారు. శారద అందరికంటే వెనక నడిచింది. 

దొడ్డి తలుపు తెరిచే ఉంది. అవ్వ గడప బయటే ఆగిపోయింది. లోపల బీరమ్మ వంగి వంగి దేనికోసమో వెతుకుతోంది. మళ్లలో చూస్తోంది, రాళ్లు ఎత్తి చూస్తోంది. అప్పుడే దవాఖాన నుంచి వచ్చిన దయానందం, చేతిలో టోపీతో తల్లి వెనకే తిరుగుతున్నాడు.

"బీరమ్మా! నా మల్లె ఏమాయె?" అంది అవ్వ.

బీరమ్మ గబుక్కున లేచి నిలబడింది. రెండు చేతులూ మట్టే.

"చెదలు పట్టింది శావుకారమ్మా. నాలుగు రోజుల సంది ఆకు పసుపు తిరుగుతుంటే అనుమానమొచ్చి, పొద్దున మొదలు తవ్వి చూసిన. లోపలంత డొల్ల! మట్టి తప్ప ఏం లేదు. ఆ మొద్దును ఉంచితే చెదలు ఇంటి వాసాలకెక్కుతదని కాల్చేసిన."

"కాల్చినవా! నాకు ఒక్కమాట చెప్పకుండ నా మల్లెను కాల్చినవా!"

"కాని ఏడు కొమ్మలు పచ్చిగుండె అమ్మా! వాటిని జానెడు జానెడు కోసి, ఆకు దూసి, తడి ఆరకుండ నెత్తిన పేడ పెట్టి, ఇగో ఈ గోడ పొంటి పాతిన. బాయికి పోయి నీళ్లు తెచ్చేవరకు ఒక్కటి లేదు! అప్పటి సంది దేవులాడుతున్న."

శారదకు ఇప్పుడు అర్థమైంది.

అవి మేస్త్రి పుల్లలు కావు. అవ్వ మల్లె!

"ఎందుకు అబద్ధాలాడుతవు?" అంది అవ్వ. "ఏడు కొమ్మలు గాలికి ఎగిరిపోయినయా? ఈడ పాక కడదామనుకున్నవు. దొరికిపోయినంక కొమ్మలని, పేడని కథలు చెప్తున్నవు."

"పాకనా? ఏం పాక?" అని బీరమ్మ తెల్లబోయింది.

"మా శారద చూసింది."

అందరూ శారద వైపు తిరిగారు. తేలు కుట్టిన దొంగలా శారద తల దించుకుని నిలబడింది.

నోరు మూసుకుంటే చాలు. పీకేటప్పుడు ఎవరూ చూడలేదు. ఇంకాసేపు ఇట్లాగే నిలబడితే అయిపోతుంది.

"వద్దమ్మా, ఇగ చాలు" అన్నాడు దయానందం తల్లితో. ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. "పెద్దమనిషి మాటకు ఎదురు చెప్పొద్దు. సామాను కట్టుకుందాం."

"కట్టుకోని ఏడికి పోదాం కొడుకా?" అంది బీరమ్మ. "నాలుగిండ్లు తిరిగినం గదా. మళ్ల ఎవరిస్తరు?"

ఆ మాట శారదకు ముల్లులా గుచ్చుకుంది. ఆ నాలుగిళ్లవాళ్లు వంకలు చెబుతున్నప్పుడు, దుకాణం మెట్టు మీద కూర్చుని తనూ విన్నది. ఇప్పుడు ఐదో వంక తనే అవుతోంది.

"పాక లేదు అవ్వా" అని గొణిగింది శారద.

"ఏంది?"

"పాక లేదు. పుల్లలు చూసి నేనే పాక అనుకున్న. అనుకున్నది చూసినట్టు చెప్పిన. ఆ పుల్లలు నేనే పీకిన... ఏడుంటే ఏడు పీకి గోడ అవతల పారేసిన."

ఎవరైనా ఏదైనా అనేలోపే శారద సందులోకి పరుగెత్తింది.

సందులో ముళ్ల కంప ఉంది. శారద మోకాళ్ల మీద కూర్చుని కంపలోకి చేయి పెట్టింది. ఒకటి దొరికింది. రెండు దొరికాయి. ముళ్లు గీరుకుని చేయంతా ఎర్రబడింది. మూడు, నాలుగు. బాట మీద ఒక పుల్ల బండి చక్రం కింద పడి నలిగిపోయింది. ఇంకోదాన్ని పక్కింటి మేక తీరిగ్గా నములుతోంది. "థూ! ఇడువు!" అని శారద అదిలించింది. మేక వదల్లేదు. మేకలకు ఒకరు చెబితే వినే అలవాటు లేదు. కంప అడుగున ఐదోది దొరికింది.

ఐదు పుల్లలూ లంగాలో పెట్టుకుని తిరిగి వచ్చింది.

"ఐదే దొరికినయి" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది.

బీరమ్మ ఒక పుల్లను తీసుకుని గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది. "పానం ఉన్నది" అంది. రెండోది గీకింది. "దీనికి గూడ ఉన్నది. ఏడుపు తర్వాత బిడ్డా, ముందుగాల నీళ్లు తే! జర పేడ గూడ తే! ఉరుకు!"

శారద ఉరికింది. దయానందం టోపీ పక్కన పడేసి మట్టి తవ్వాడు. బీరమ్మ పుల్లను తీసి నిటారుగా పాతబోయింది.

"ఆగాగు! గట్ల గాదు!" అని వినబడింది.

అవ్వ! గడప దాటి లోపలికి వచ్చేసింది. మోకాళ్ల నొప్పులు ఎక్కడికి పోయాయో, బీరమ్మ పక్కన గొంతుకు కూర్చుంది.

"మల్లెను నిలువుగ పాతుతరా ఎవరన్నా? జర వాల్చి పాతాలె. మా అమ్మ గట్లనే పాతేది."

"వాల్చితే వానకు పడిపోతది శావుకారమ్మా."

"పడదు. నలభై ఏండ్ల సంది నేను పెంచుతున్న, నాకు చెప్తున్నవా?"

"నేను పుట్టినప్పటి సంది మట్టిలనే ఉన్న, నాకు మీరు చెప్తున్నరా?"

ఇద్దరూ ఒకరినొకరు కొరకొర చూసుకున్నారు. వీరేశం ముఖం పక్కకు తిప్పుకుని మీసాల్లో నవ్వుకున్నాడు. చివరికి మూడు పుల్లలను వాల్చి పాతారు, రెండింటిని నిటారుగా పాతారు. శారద ఐదింటి నెత్తినా పేడ ముద్దలు పెట్టింది. ఈసారి పేడ అంటిన చేతిని ఏ గోడకూ రాయలేదు.

అవ్వ చేతులు కడుక్కుంటూ అంది:

"నువ్వు చేసింది మంచి పనే బీరమ్మా. నాకు చెప్పకుండ చేసుడు మాత్రం మంచిగ లేదు."

"తప్పే అమ్మా. గడ్డపార పట్టే ముందు మీకు చెప్పాలె. పొద్దున మీ వాకిలి దాక వచ్చిన గూడ. వచ్చి మళ్లిపోయిన."

"మళ్లిపోయినవా? ఎందుకు?"

బీరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ ఇంట్లకు నేను రావచ్చో రావద్దో అని."

అవ్వ తడి చేతులను తుడిచిందే తుడిచింది.

"ఇగ మళ్లిపోకు" అంది తర్వాత. "ఈ దొడ్డిల ఏ చెట్టు ముట్టాల్నన్నా ముందు నాకు చెప్పు. కబురు పంపకు. నువ్వే రా. వచ్చి కూసోని చెప్పు."

"మరి ఈ మళ్లు? తోటకూర ఏద్దామని తవ్విన. వద్దంటే పూడుస్త."

"తవ్వినదాన్ని మళ్ల పూడ్చుడెందుకు? ఎయ్యి. గోడ పొంటి జాగ మాత్రం మల్లెకే ఉండాలె."

"అట్లనే."

శారదను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి పోయేటప్పుడు అవ్వ ఆ పిల్ల గీరుకుపోయిన చేతిని పట్టుకుని నడిచింది. ఇంటికి చేరి పసుపు రాస్తూ ఒక్కటే అడిగింది.

"వాళ్లు సామాను కట్టుకుంటమన్నప్పుడు నీకు ఎట్లనిపించింది?"

శారద తల వంచుకుని కళ్లు తుడుచుకుంది. పసుపు మంటకు కళ్లలో నీళ్లు వచ్చాయని అవ్వ అనుకున్నట్టుంది, ఇంకేమీ అడగలేదు.

మర్నాటి నుంచి ఆ దొడ్డికి శారద పూలబుట్టతో పోలేదు. చెంబుతో పోయింది. వాన పడిన రోజు కూడా పోయింది. వాన పడ్డాక నీళ్లెందుకని బాపు నవ్వితే, చూసి రావడానికి పోతున్నానంది.

పది రోజులకు ఒక పుల్ల ఎండిపోయింది. ఇరవై రోజులకు ఇంకో రెండు నల్లబడ్డాయి. శారదకు అన్నం సయించలేదు. ఇక రెండే మిగిలాయి. ఒకటి వాల్చి పాతింది, ఇంకోటి నిటారుగా పాతింది. ఆ రెండింటి గురించి ముసలవ్వలిద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్లు. ఈ పోట్లాట ఇప్పుడు అవ్వ వాళ్ల ఇంటి అరుగు మీద జరుగుతోంది. బీరమ్మ చేతిలో తోటకూర కట్ట, అవ్వ చేతిలో మజ్జిగ గ్లాసు.

నెల దాటిన తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, శారద చెంబుతో దొడ్డి తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు వారగా తీసే ఉంది. తలుపు సందులోంచి గోడవార కనబడుతోంది. నిటారు పుల్ల పక్కన, కణుపు దగ్గర, వడ్లగింజంత పచ్చటి చుక్క!

శారదకు కాళ్లు ఆగలేదు. ఒక్క తోపు తోస్తే తలుపు తెరుచుకుంటుంది. చెయ్యి తలుపు మీద పడింది.

ఆగింది. వేళ్లు మడిచి, టకటకమని తట్టింది.

"బీరమ్మవ్వా! లోపటికి రావాల్నా?"

లోపల చీపురు చప్పుడు ఆగింది. మూడు నెలలుగా "ఓ బీరమ్మా" అని పిలిచిన గొంతు, కొన్నాళ్లుగా అసలు ఏమని పిలవాలో తెలియక గుటకలు మింగిన గొంతు, అదేనా ఇది అని బీరమ్మ ఆగి వింటున్నట్టుంది.

"రా బిడ్డా, రా!"

శారద ఉరికి గోడ దగ్గర కూలబడింది. చిగురే! నిజంగా చిగురే! వాల్చి పాతిన పుల్లకు కూడా ఉబ్బిన కణుపు ఒకటి ఉంది. ఇద్దరు అవ్వలూ గెలిచినట్టే, ఇద్దరూ ఓడినట్టే. ఇక ఈ పోట్లాట తెగేది కాదు.

చిగురు పక్కనే ఇంకేదో సన్నగా, పచ్చగా మొలిచి ఉంది. దాన్ని చూడగానే శారద చెయ్యి ముందుకు పోయింది. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి కూడా. గుంజబోయి ఆగిపోయింది. వేళ్లు వదిలేసి వెనక్కి తిరిగింది.

"అవ్వా, ఇదేంది? దీన్ని పీకాల్నా, ఉంచాల్నా?"

బీరమ్మ వచ్చి వంగి చూసింది. పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది.

"అది గరిక బిడ్డా! గరికను గూడ అడిగి పీకేటోళ్లను నిన్నే చూసిన. పీకు, పీకు!"

శారద కూడా నవ్వింది. చిగురుకు తగలకుండా రెండు వేళ్లతో పట్టుకుని, గరికను వేరుతో సహా పీకేసింది.